కంచె లోపల వంద, బయట ఒక్కటి

దక్షిణ ఫ్రాన్స్‌లో మార్వెజోల్ అనే చిన్న పట్నం ఉంది. మన ఊళ్ళలో నాయకుల విగ్రహాలు ఉండే కూడలిలాంటి చోట అక్కడొక మృగం విగ్రహం నిలబెట్టారు. దాని పేరు 'లా బెత్'. మృగం అని అర్థం. ఇంకో పేరు అక్కర్లేదు, ఆ సీమలో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. 260 ఏళ్ళ కిందట ఈ కొండల్లో మనుషుల్ని పట్టి తిన్న జంతువు అది.

ఆ పట్నం దాటి ఉత్తరంగా కొండెక్కితే సేంత్-లూసి అనే పల్లె వస్తుంది. చుట్టూ పైన్ చెట్లు, గ్రానైట్ గుండ్లు, ఎండాకాలం మొదట్లో పసుపు పూలు పూసే పొదలు. 1985లో అక్కడ ఒక పార్కు తెరిచారు. పేరు జెవోదాన్ తోడేళ్ళ పార్కు. జెవోదాన్ అంటే ఈ సీమ పాత పేరు, ఇప్పటి లోజేర్ జిల్లా. పోలెండ్, సైబీరియా, మంగోలియా, కెనడా మూలాలున్న తోడేళ్ళు ఇంచుమించు వంద ఆ కొండవాలున బతుకుతున్నాయి. తోడేలు పేరు చెబితే తలుపులు బిగించుకున్న చోటికే ఇవాళ తోడేళ్ళను చూడడానికి పిల్లల్ని వెంటబెట్టుకుని జనం వస్తున్నారు.

టికెట్టు కొని లోపలికి పోయినవాళ్ళకు మొదట ఏమీ కనబడదు. కంచె, కంచె వెనక చెట్లు, చెట్ల మధ్య బండలు. ఇది జంతుప్రదర్శనశాల బోను కాదు, సిమెంటు నేల లేదు, ఇనుప చువ్వల వెనక అటూ ఇటూ తిరిగే జంతువూ లేదు. పిల్లలు "ఏదీ, ఏదీ" అని వెతుకుతుంటారు. కాసేపటికి బండల్లో ఒక బండ చెవి కదుపుతుంది. అంతసేపూ రాయి అనుకున్నది తోడేలు. దాని వెంట్రుక ఒక్కొక్కటీ మొదట్లో ఒక రంగు, నడుమ ఒక రంగు, కొసన ఒక రంగు. అందుకే అది నేలలో కలిసిపోతుంది. లేచి నడిస్తే చప్పుడుండదు. వెనక పాదం సరిగ్గా ముందు పాదం తీసిన చోటే పడుతుంది. మంచు మీద అయిదు తోడేళ్ళు వరుసగా పోయినా ఒక్కటే పోయినట్టు జాడ ఉంటుంది. అది జంతువుకు తన ఒళ్ళు నేర్పిన పొదుపు. లోతైన మంచులో కొత్త గుంట తవ్వాలంటే బలం ఖర్చవుతుంది మరి.

ఇలాంటి పార్కుల్లోని జంతువుల బతుకుకు ఫ్రెంచివాళ్ళు వాడే మాట 'సెమీ-లిబెర్తె'. సగం స్వేచ్ఛ. చెట్టూ పుట్టా, చలీ మంచూ, గుంపూ గొడవా అన్నీ ఉంటాయి. వేట మాత్రం ఉండదు, మాంసం మనిషే తెచ్చి వేస్తాడు. పోవాలనుకున్నంత దూరం పోవడం కూడా ఉండదు. అడవి తోడేలు ఒక్క రాత్రిలో పదుల కిలోమీటర్లు నడుస్తుంది. మిగిలిన సగం ఏమైందో తెలుసుకోవాలంటే ఈ కొండల కథ మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఆ కథ తోడేలుది ఎంతో, పశువులు కాచే పిల్లలది అంత.

మృగం వచ్చిన ఏడు

1764 జూన్ 30. లాంగోన్య పట్నం దగ్గరి పల్లెలో 14 ఏళ్ళ జాన్ బూలె అనే అమ్మాయి చనిపోయింది. చర్చి పుస్తకంలో ఆమె చావు నమోదైంది. క్రూరమృగం చంపిందని, చివరి సంస్కారాలు అందకుండానే పాతిపెట్టారని అందులో ఉంది. ఆ తర్వాత మూడేళ్ళు ఆగలేదు. చనిపోయినవాళ్ళు వంద మంది దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. వాళ్ళెవరు? ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. పచ్చిక మీద ఆవుల్ని, గొర్రెల్ని మేపుతూ ఒంటరిగా నిలబడ్డవాళ్ళు. పెద్దలు పొలంలో ఉంటే మంద వెంట పిల్లలే పోవాలి. పేదరైతు చేతిలో తుపాకీ ఉండకూడదు, వేట దొరల హక్కు. పిల్లల చేతికి ఇచ్చింది ఒక కర్ర, దాని కొసకు కట్టిన కత్తి ముక్క.

1765 జనవరి 12న విల్రె అనే పల్లె దగ్గర ఏడుగురు పిల్లలు పశువుల్ని కాస్తున్నారు. అయిదుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. మృగం వాళ్ళ మీద పడింది. ఒక చిన్నవాణ్ణి నోట కరుచుకుని బురదనేల వైపు ఈడ్చింది. కొందరు పారిపోదామన్నారు. జాక్ పోర్తెఫె అనే పన్నెండేళ్ళవాడు మాత్రం 'వాణ్ణి వదిలి పోయేది లేదు' అని నిలబడ్డాడు. అందరూ కలిసి కర్రలతో దాని కళ్ళ మీదా, మూతి మీదా పొడిచారు. అది పిల్లవాణ్ణి వదిలేసింది. ఈ కబురు వెర్సాయిలో పదిహేనో లూయీ రాజు దాకా పోయింది. పోర్తెఫెకు 300 లివ్రులు, మిగిలిన పిల్లలందరికీ కలిపి 350 లివ్రులు బహుమానంగా ఇచ్చి, వాడి చదువు ఖర్చు రాజే భరించాడు. ఆ గొర్రెల కాపరి పిల్లవాడు తర్వాత ఫిరంగి దళంలో అధికారి అయ్యాడు.

అదే ఏడు ఆగస్టు 11న ఇరవై ఏళ్ళ మరీ జాన్ వాలె చెల్లెలితో కలిసి వాగు దాటుతుంటే మృగం ఎదురైంది. ఆమె తన బల్లెంతో దాని రొమ్మున పొడిచి తరిమింది. ఆమెకూ ఆ మృగానికీ మధ్య జరిగిన పోరుకు ఓవేర్ అనే పల్లెలో పెద్ద శిల్పం ఉంది. మార్వెజోల్ విగ్రహం కంటే నాకు ఆ శిల్పం మీద గౌరవం ఎక్కువ. అందులో మృగంతో పాటు మనిషి కూడా ఉంది కాబట్టి.

సైన్యం వచ్చింది. నార్మండీ నుంచి పేరున్న వేటగాళ్ళు వచ్చారు. చివరికి రాజుగారి తుపాకీ పట్టే అధికారి ఫ్రాన్సువా ఆంత్వాన్ వచ్చి 1765 సెప్టెంబరులో ఒక పెద్ద తోడేలును చంపాడు. తోలులో గడ్డి కూరి వెర్సాయికి పంపారు. పని అయిపోయిందని పత్రికలు రాశాయి. డిసెంబరులో మళ్ళీ చావులు మొదలయ్యాయి. ఈసారి రాజధాని వినిపించుకోలేదు. ఏడాదిన్నర పాటు ఆ పల్లెలు తమ చావు తాము చచ్చాయి. 1767 జూన్ 19న ఊళ్ళో మనిషే, జాన్ షాస్తెల్, ఇంకో జంతువును కాల్చాడు. దాంతో ఆగింది.

అది ఏ జంతువు? తోడేలా, తోడేలుకీ కుక్కకీ పుట్టినదా, ఎక్కడి నుంచో తప్పించుకున్న హైనాయా, సింహమా? ఇప్పటికీ పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. మన ప్రశ్న అది కాదు. ఆ మూడేళ్ళ భయానికి తర్వాతి తరాల తోడేళ్ళన్నీ లెక్క చెల్లించాయి. 1882 ఆగస్టులో ఫ్రాన్స్ చట్టం చేసి తోడేలు తలకు వెల కట్టింది. కడుపుతో ఉన్న ఆడదానికి ఎక్కువ, కూనకు తక్కువ. తుపాకీ, ఉచ్చు, స్ట్రిక్నిన్ విషం కలిసి పని పూర్తి చేశాయి. 1930లు ముగిసేసరికి ఫ్రాన్స్‌లో తోడేలు లేకుండా పోయింది.

విలేకరి పెట్టిన పార్కు

సేంత్-లూసి పార్కును పెట్టిన జెరార్ మెనాతోరి పత్రికా విలేకరి. ఆ కొండలవాడే. మనిషిని ముట్టని జంతువును మనం కథలతో రాక్షసిని చేశామన్నది ఆయన నమ్మకం. మృగం అసలు తోడేలే కాదని వాదించాడు. ఎవరికైనా మాటలతో చెబితే నమ్మరు కాబట్టి చూపిద్దామనుకున్నాడు. ఎక్కడో పారిస్ పక్కన కాకుండా సరిగ్గా జెవోదాన్‌లోనే చూపించడం ఆయన పట్టుదల. మన దగ్గర పులి మనిషిని తిన్న ఊరి నడిబొడ్డున పులుల పార్కు పెడతానంటే ఏమవుతుందో ఊహించుకోండి.

1991లో హంగరీ నుంచి 80 తోడేళ్ళు ఇక్కడికి వచ్చాయి. వాటిని తోలు కోసం చంపబోతున్నారని తెలిసి సినిమా నటి బ్రిజిత్ బార్దో చొరవ తీసుకుంది. బొచ్చు కోటుగా మారాల్సినవి కొండ మీద చెట్ల కింద పడుకున్నాయి. మెనాతోరి 1998లో పోయాడు. ఆయన కూతురు ఆ పని అందుకుంది.

మెనాతోరి మీద నాకు గౌరవం ఉంది. ఆయన వాదన మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను. జాన్-మార్క్ మోరిసో అనే చరిత్రకారుడు పల్లె చర్చిల చావు పుస్తకాలన్నీ తిరగేసి, 15వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా ఫ్రాన్స్‌లో మనుషుల మీద జరిగిన 3 వేల తోడేలు దాడులను పోగుచేశాడు. 2007లో పుస్తకం వేశాడు. పిచ్చి పట్టిన తోడేళ్ళు కరిచినవి వాటిలో చాలా ఉన్నాయి. పిచ్చి లేనివీ ఉన్నాయి. అడవిలో లేళ్ళూ జింకలూ అయిపోయి, పిల్లలు చేతిలో ఆయుధం లేకుండా మందల వెంట ఒంటరిగా తిరిగే రోజుల్లో తోడేలు మనిషిపిల్లను కూడా పట్టింది. ఆ పరిస్థితి పోయాక దాడులూ దాదాపు పోయాయి. తోడేలును ప్రేమించడానికి దాన్ని సాధుజంతువును చేసి చెప్పనక్కర్లేదు. జాన్ బూలెను మరిచిపోనక్కర్లేదు.

మన దేశంలోనూ చూశాం. 2024 వర్షాకాలంలో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్ పల్లెల్లో తోడేళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. చెరకు తోటల మధ్య ఊళ్ళు, వరద నీళ్ళు, తలుపుల్లేని ఇళ్ళు, ఆరుబయట నిద్ర. 1765 నాటి జెవోదాన్‌లో పేదపిల్లలు ఎక్కడ నిలబడి ఉన్నారో, బహ్రాయిచ్ పిల్లలు అక్కడే పడుకుని ఉన్నారు.

కంచె నేర్పింది, తప్పు నేర్పింది

తోడేలు గురించి మనకు తెలిసినదంతా దాదాపుగా రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి కంచె లోపల, రెండోది మంచు అడవుల్లో. ఈ రెండూ ఒకే మాట చెప్పలేదు.

1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో తోడేళ్ళను చూసి రాశాడు. గుంపులో ఎప్పుడూ పోరేనట. గెలిచినది ఏలుతుంది, ఓడినవి లొంగుతాయి. 1970లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ తన పెద్ద పుస్తకంలో ఈ మాటనే తిరిగి చెప్పాడు. అక్కడి నుంచి 'ఆల్ఫా' అనే మాట ప్రపంచమంతా పాకింది. కుక్కలకు శిక్షణ ఇచ్చేవాళ్ళూ, ఆఫీసుల్లో నాయకత్వ పాఠాలు చెప్పేవాళ్ళూ ఎత్తుకున్నారు. ఇవాళ మన కుర్రాళ్ళ ఫోన్లలో 'ఆల్ఫా మగాడు' అంటూ తిరిగే వీడియోల మూలం ఆ జూ ఆవరణలో ఉంది.

తర్వాత మెక్ స్వయంగా కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవిలో ఏటా వేసవికి పోయి, అడవి తోడేళ్ళ గుంపు పక్కన గుడారం వేసుకుని కూర్చున్నాడు. అక్కడ ఏలే రాజు కనబడలేదు. అమ్మ, నాన్న, ఈ ఏటి పిల్లలు, పోయినేటి పిల్లలు. అంతే గుంపు. పెద్దపిల్లలు చిన్నవాటికి కాపలా ఉంటాయి, వేట నుంచి కడుపులో మాంసం మోసుకొచ్చి కక్కి పెడతాయి. వయసొచ్చినది తన దారి తను చూసుకుని పోతుంది, ఇంకో దిక్కున జోడు వెతుక్కుంటుంది. అమ్మానాన్నల మాట పిల్లలు వినడాన్ని ఆధిపత్యం అనడం ఏమిటని 1999లో మెక్ ఒక వ్యాసం రాశాడు. తన పాత పుస్తకం అచ్చు ఆపమని ప్రచురణకర్తను ఏళ్ళ తరబడి అడిగాడు. 2022లో ఆపారు. తాను రాసినదాన్ని తానే వెనక్కి తీసుకోవడానికి ఇంత పట్టుబట్టిన శాస్త్రవేత్తలు అరుదు.

మరి బాసెల్ తోడేళ్ళు ఎందుకు కొట్టుకున్నాయి? వాటిలో చాలావాటికి ఒకదానితో ఒకటికి చుట్టరికం లేదు. ఎక్కడెక్కడివో తెచ్చి చిన్న జాగాలో పడేశారు. ఓడినది పోవడానికి దారి లేదు. అడవిలో ఓడిన తోడేలు చేసే పని ఒక్కటే, వెళ్ళిపోవడం. కంచె ఆ ఒక్క దారీ మూసింది. సగం స్వేచ్ఛలో పోయిన సగం అదే.

సేంత్-లూసిలాంటి చోట్ల జాగా పెద్దది కాబట్టి, కుటుంబాలుగా ఉంచుతారు కాబట్టి చూపుకు నిజమైన గుంపు దగ్గరగా వస్తుంది. ఫిబ్రవరి చలిలో జత కడతాయి. 63 రోజులకు, ఏప్రిల్ చివరనో మే నెలలోనో పిల్లలు పుడతాయి. పన్నెండు పద్నాలుగు రోజులకు కళ్ళు తెరుస్తాయి. ఎండాకాలం రాగానే శీతాకాలపు బొచ్చు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పొదలకు వేలాడుతుంది. అప్పుడు చూసినవాళ్ళు 'పాపం, తిండి పెట్టరా' అంటారు. లోపలి మెత్తని బొచ్చు రాలిపోతే తోడేలు నిజంగా ఎంత సన్నటి జంతువో తెలుస్తుంది.

తోడేలు తిరిగొచ్చింది

1992 నవంబరులో ఇటలీ సరిహద్దున మెర్కాంతూర్ జాతీయ ఉద్యానంలో కాపలావాళ్ళకు రెండు తోడేళ్ళు కనబడ్డాయి. ఎవరూ తెచ్చి వదల్లేదు. ఇటలీలో 1970లలో వందకు అటూ ఇటూగా మిగిలిన తోడేళ్ళకు అక్కడి ప్రభుత్వం రక్షణ ఇస్తే, అవి పెరిగి అపెనైన్ కొండల వెంట నడుచుకుంటూ ఆల్ప్స్ దాటాయి. ఇప్పుడు ఫ్రాన్స్‌లో వెయ్యి దాకా ఉంటాయని లెక్క. మధ్యలో పెద్ద రోడ్లు, రైలు పట్టాలు, రోన్ నది దాటి పడమటి కొండలకూ చేరాయి. లోజేర్‌కూ వచ్చాయి.

అక్కడే గొడవ. 'కంచె తెంచుకుని పార్కు నుంచి వచ్చాయి' అన్నారు కొందరు. 'పట్నంవాళ్ళు బండిలో తెచ్చి వదిలారు' అన్నారు ఇంకొందరు. మలంలోనూ, వెంట్రుకల్లోనూ జన్యువులు చూస్తే అడవిలో తిరిగేవి ఇటలీ వంశానివని తేలింది. కాపరికి ఆ మాటతో పని లేదు. పొద్దున్నే లేచి చూస్తే దొడ్డిలో గొర్రెలు పొట్టలు చీలి పడి ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఏటా పది వేలకు పైగా పశువులు, ఎక్కువగా గొర్రెలు, తోడేలు వల్ల పోతున్నాయి.

లోజేర్‌లో ఇది ఇంకా బాధగా తగలడానికి కారణం ఉంది. అక్కడి కోస్ పీఠభూములు చెట్టు లేని రాతి పచ్చికలు. వేల ఏళ్ళుగా గొర్రెలు మేసి మేసి ఆ నేల ఆ రూపానికి వచ్చింది. 2011లో యునెస్కో ఆ సీమను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. గుర్తించినది కోటలనో చర్చిలనో కాదు, గొర్రెల మేపునే. రోక్ఫోర్ జున్నుకు పాలిచ్చే గొర్రెలు మేసేది కూడా ఈ ప్రాంతంలోనే. అంత విశాలమైన మేపునేలకు కరెంటు కంచె ఎక్కడని కడతారు? పతూ అని పిలిచే తెల్లటి పెద్ద కుక్కను పిల్లగా ఉన్నప్పుడే గొర్రెల మధ్య పడేసి పెంచుతారు. అది గొర్రెల్ని తన వాళ్ళనుకుని తోడేలుకు ఎదురు నిలుస్తుంది. కొండ నడకకు వచ్చే పట్నంవాళ్ళకూ ఎదురు నిలుస్తుంది. దాంతో వాళ్ళు కాపరి మీద ఫిర్యాదు చేస్తారు. కాపరికి అన్ని వైపులా గొడవే.

ఒక్క సంగతి మాత్రం ఆ ప్రభుత్వం బాగా చేసిందని చెప్పాలి. గొర్రె చస్తే కాపరి 72 గంటల్లోగా కబురు చేయాలి. ఉద్యోగి వచ్చి గాయాలు చూస్తాడు. తోడేలు పనేనని కచ్చితంగా తేలకపోయినా సరే, 'తోడేలు కాదని చెప్పలేం' అని తేలితే చాలు, పరిహారం ఇస్తారు. అనుమానం కాపరి వైపు మొగ్గుతుంది. అయినా వాళ్ళ కోపం తగ్గలేదు. రాత్రి నిద్రకు, చచ్చిన గొర్రె కళ్ళకు పరిహారం ఉండదని వాళ్ళ మాట. ఆ ఒత్తిడి ఐరోపా యూనియన్ ఉన్న బ్రసెల్స్ దాకా పోయింది. 2024 డిసెంబరులో ఐరోపా వన్యప్రాణుల రక్షణకు చేసుకున్న బెర్న్ ఒప్పందపు దేశాలు తోడేలు రక్షణను ఒక మెట్టు దించాయి. 2025 మార్చి నుంచి అది అమల్లోకి వచ్చింది.

కంచె లోపల వంద ఉంటే జిల్లాకు గర్వం. కంచె బయట ఒక్కటి తిరిగితే జిల్లా అంతా అట్టుడుకుతుంది. జనాన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. లోపలి వందకూ తిండి ఖర్చు టికెట్టు కొన్నవాళ్ళందరూ పంచుకుంటారు. బయటి ఒక్కదాని తిండి ఖర్చు ఒక్క కాపరి ఇంటి మీద పడుతుంది.

మన మందల దగ్గర

మన కథల్లో తోడేలు చిత్రంగా తప్పించుకుంది. ఊరికే 'తోడేలు, తోడేలు' అని అరిచిన పిల్లవాడి కథ ఈసపు నుంచి ప్రపంచమంతా తిరిగి తెలుగు బడిపుస్తకానికి వచ్చేసరికి 'నాన్నా, పులి!' అయింది. గొర్రెపిల్లతో నీళ్ళ దగ్గర తగువు పెట్టుకునే కథలో మాత్రమే మనకు తోడేలు గుర్తు. భీముడికి వృకోదరుడన్న పేరుందని చదువుకుంటాం, వృకం అంటే తోడేలని మరిచిపోతాం. ఆకలి తీరని పొట్ట అంటే మన పెద్దలకు ముందు తట్టింది తోడేలు పొట్టే.

ఇంకా వెనక్కి, ఋగ్వేదంలో ఋజ్రాశ్వుడనే అతని కథ ఉంది. ఒక ఆడతోడేలుకు వంద పొట్టేళ్ళను ఇచ్చేశాడు. తండ్రికి కోపం వచ్చి కొడుకు కళ్ళు పోగొట్టాడు. ఆ తోడేలే అతని కోసం అశ్వినీ దేవతలకు మొరపెట్టుకుంటే వాళ్ళు కళ్ళు తిరిగి ఇచ్చారు. కొడుకు దయ, తండ్రి కోపం, రెండూ అందులో ఉన్నాయి. వంద పొట్టేళ్ళంటే ఆ ఇంటికి ఎంత నష్టమో ఆ కథ కట్టినవాళ్ళకు తెలుసు.

మన తోడేలు ఐరోపా దానికంటే చిన్నది, బక్కది, ఎండకు పలచని బొచ్చుది. తోడేళ్ళ వంశాల్లో చాలా పాతది. అడవిది కాదు, బయలుది. రాళ్ళూ రప్పలూ, బోదగడ్డీ, రేగుపొదలూ ఉన్న నేలే దాని ఇల్లు. దేశమంతటా మూడు వేల చిల్లర ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. పులులతో పోటీ పడే అంకె. పులికి ఉన్న పేరులో వందో వంతు దీనికి లేదు. తెల్లవాళ్ళ పాలనలో 1875 నుంచి 1925 దాకా 2 లక్షలకు పైగా తోడేళ్ళను బహుమానాల కోసం చంపారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క తేల్చారు. ఇప్పుడు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే జైలు. దాని నేల మాత్రం ఏ షెడ్యూలులోనూ లేదు. రెవెన్యూ కాగితంలో అది బంజరు. బంజరంటే దేనికైనా ఇవ్వొచ్చు, సోలారు పలకలకూ, గాలిమరలకూ, క్వారీకీ. చాలాచోట్ల కృష్ణజింకలు పోయాయి కాబట్టి తోడేలు గొర్రెను పడుతుంది. ఊరకుక్కలు పెరిగి రోగాలు అంటిస్తున్నాయి, జత కూడా కడుతున్నాయి. పుణె దగ్గర తోడేలు-కుక్క సంకరం ఉందని 2023లో జన్యుపరీక్షలో బయటపడింది.

దీని పేరు మీద మన దేశంలో అభయారణ్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. 1976లో ఎస్.పి. షాహీ అనే అటవీ అధికారి పట్టుదలతో అప్పటి బిహార్‌లో, ఇప్పటి జార్ఖండ్‌లో, మహుఆడాండ్‌లో ఒకటి ఏర్పడింది. మళ్ళీ దాదాపు అర్ధశతాబ్దం తర్వాత 2025లో బళ్ళారి అవతల కొప్పళ జిల్లా బంకాపురలో 332 హెక్టార్లలో ఇంకొకటి వచ్చింది. మనకు రోళ్ళపాడు ఉంది, నందికొట్కూరు దగ్గర, 614 హెక్టార్లు. 1988లో బట్టమేకపిట్ట కోసం పెట్టారు. పిట్ట ఇప్పుడు కనబడదు. ఆ గడ్డిలో తోడేళ్ళున్నాయి. దాన్ని తోడేలు కోసమని గుర్తుపెట్టుకుని కాపాడితే బాగుండునని నా ఆశ.

కంచెతో మన తోడేలును కాపాడలేం. దాని గుంపు తిరిగే నేల అనంతపురం లాంటి చోట వందల చదరపు కిలోమీటర్లు, అందులో పది ఊళ్ళు, ఇరవై మందలు. మన దగ్గర తోడేలుకు జాగా ఇచ్చిందీ, దాని ఖర్చు భరించిందీ గొర్రెల కాపరే. ఇప్పటికీ అంతే.

నేను పుట్టింది కళ్యాణదుర్గం వైపు పల్లెలో. మా పొలంలో ఏటా కోతలయ్యాక మంద కట్టించేవాళ్ళం. ఎరువు మాకు, గింజలు కాపరికి. వచ్చేది ఎప్పుడూ ఒకే కురుబ కుటుంబం, ఆ పెద్దాయనను మామా అనేవాణ్ణి. సందేళ చిన్న గొర్రెపిల్లల్ని వెదురు గంపల కింద మూసి, వాటి మీద రాళ్ళు పెట్టి, గొంగడి కప్పుకుని మంద నడుమ కూర్చునేవాడు. ఒకనాటి పొద్దున సద్దిమూట ఇవ్వడానికి పోతే ఆయన గొర్రెల్ని చేత్తో తడుముతూ రెండోసారి లెక్కపెడుతున్నాడు.

"ఏమైంది మామా?"

"తోడేలు వచ్చినాది అబ్బోడా. కుక్క అరిసేలోగా రెండింటిని ఎత్తకపాయ. ఒగటి సూలుది."

"దాన్ని కొట్టల్ల మామా."

"కొట్టేకి యాడ దొరుకుతాది? పొయిన నెల బోడిగుట్టకాడ దాని పిల్లల్ని సూస్తి. నాలుగుండాయి. వాటికీ తినేకి కావల్ల గదా." అని, వెంటనే కోపం వచ్చి, "నా గొర్రెలే దొరికినాయా దానికి" అని ఇంకో నాలుగు మాటలన్నాడు. అవి ఇక్కడ రాయలేను.

ఆ ఏడాది ఎవరో చెబితే పరిహారం కోసం పట్నంలో ఒక ఆఫీసుకు పోయాడు. నేనూ వెంట పోయాను, కాగితం చదవడానికి. అక్కడి మనిషి చచ్చిన గొర్రె ఫోటో అడిగాడు, పశువుల డాక్టరు సర్టిఫికెట్ అడిగాడు. తోడేలు ఎత్తుకుపోయిన గొర్రెకు ఫోటో ఏముంటుంది, డాక్టరు ఏం చూస్తాడు? మామ గొంగడి మడత విప్పి అందులోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు. గొర్రె మెడకు కట్టిన చిన్న గంట, తాడు తెగి ఉంది. గుట్ట దగ్గర దొరికిందన్నాడు. ఆ మనిషి దాన్ని చూసి, పక్కకు జరిపి, రిజిస్టరు మూశాడు.

బస్టాండు దాకా మామ ఏమీ మాట్లాడలేదు. బస్సెక్కాక ఆ గంటను చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడించి, మళ్ళీ గొంగడిలో ముడి వేసుకున్నాడు. సందేళకు మంద దగ్గరికి చేరాలి, గంపలు మూయాలి.